ఆరు కాసులు

చిలకలపూడి బావా, బందరు బావమరిదీ ఎక్కడ కలిసినా ఒకటే గొడవ. రక్షణ పొందినవాడు తనని పాపి అనుకోవాలా, పరిశుద్ధుడు అనుకోవాలా?

బావది కవరింగ్ పని. గాజులు, గొలుసులు, చెవి దుద్దులు, ఏవైనా సరే లోపల రాగి, పైన బంగారం పూత. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి ఆయన చేతి సరుకే వెళుతుంది. పుట్టినప్పటినించీ సి.ఎస్.ఐ. మనిషి. ప్రభువు బల్ల ముందు సంఘమంతా మోకరించి పాపపు ఒప్పుకోలు చెప్పేటప్పుడు అందరికంటే ఆయన గొంతే పెద్దది.

బావమరిది కూడా ఆ గుడిలోనే పెరిగాడు. కొన్నేళ్ళ కిందట బందరు కాలవలో ముంచుడు బాప్తిస్మం తీసుకుని, బస్టాండు అవతలున్న ప్రార్థనా మందిరంలో చేరి, ఇప్పుడు దానికి సంఘ పెద్ద అయ్యాడు. అక్కడ ఎవరైనా కొత్తవాళ్ళు ప్రార్థనలో తమని పాపి అని చెప్పుకుంటే ఊరుకోడు. ఆమేన్ అయ్యాక పక్కకి పిలిచి, "బ్రదర్, మీరు దేవుని బిడ్డ. పరిశుద్ధులు. ఆ పాత పేరు ఇంకెందుకు?" అని దిద్దుతాడు.

"రక్షణ పొందానంటావు, వారం తిరిగేసరికి మళ్ళీ పాపినంటావు. యేసు రక్తం నీకు శనివారం దాకానే పని చేస్తుందా బావా?" అనేవాడు.

"పౌలు తిమోతికి ఏమని రాశాడు? పాపుల్లో ముందు వరసలో నిలబడేది తానేనని రాశాడా లేదా? అప్పటికి ఆయన ఎన్ని సంఘాలు కట్టాడు, ఎన్ని దెబ్బలు తిన్నాడు!"

"అదే పౌలు కొరింథు సంఘానికి రాస్తూ పరిశుద్ధులనే గదా పిలిచాడు?"

"ఆ కొరింథువాళ్ళనే గదా కోర్టులకెక్కుతున్నారనీ, ప్రభువు బల్ల దగ్గర తాగి ఉంటున్నారనీ చెడామడా తిట్టింది?"

"తిట్టాడు బావా, పేరు మాత్రం మార్చలేదు."

నన్నడిగితే ఈ ఒక్క మాట దగ్గర బావమరిదిదే పైచెయ్యి. అంత కోపంలోనూ పౌలు వాళ్ళని పాపుల్లారా అని మొదలెట్టలేదు.

నిజానికి ఈ గొడవ వాళ్ళిద్దరితో పుట్టలేదు, పడవ దిగి వచ్చింది. పళ్ళ డాక్టరీ వదిలేసి మిషనరీ అయిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండునించి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు మొదట మకాం పెట్టింది బందరులోనే. ఆ తరవాతే నరసాపురం, పాలకొల్లు వైపు వెళ్ళి గోదావరి డెల్టాలో స్థిరపడ్డారు. వాళ్ళది బ్రదరన్ పద్ధతి. పాదిరిగారు ఉండరు, అచ్చేసిన ప్రార్థనలు ఉండవు. రొట్టె విరిచేది పరిశుద్ధులు, అంటే విశ్వాసులందరూ. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఇదే ఊరికి వచ్చారు. 1843లో నోబుల్ గారు బడి పెట్టారు. వీళ్ళది ఇంగ్లండు సంఘం. అచ్చేసిన ప్రార్థనల పుస్తకం ఉంటుంది, దాంట్లో ఆరాధన మొదలవగానే మోకరించి పాపం ఒప్పుకోవాలి. అయిదారేళ్ళ తేడాలో పరిశుద్ధులూ పాపులూ ఇద్దరూ బందరు ఉప్పుగాలి పీల్చారన్నమాట. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడ్డాక కూడా ఆ ఒప్పుకోలు ఆరాధన క్రమంలో అలాగే నిలిచింది. కృష్ణ దాటి గుంటూరు వెళితే అక్కడ లూథరన్లు. 1842లో హయ్యర్ గారు నాటిన సంఘం. విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ పాపీ కూడానని వాళ్ళ లూథరు ఎప్పుడో తేల్చేశాడు.

బావకి ఈ లూథరు మాట ఎవరు చెప్పారోగానీ భలే నచ్చింది. తన పనిలోంచే దానికి ఉపమానం కట్టాడు. "లోపల మనం రాగే. పైన ఆయన నీతి బంగారంలా కప్పుకుని ఉంటుంది. దేవుడు చూసేది ఆ బంగారాన్ని."

బావమరిది పకపకా నవ్వాడు. "అందుకే మిమ్మల్ని కవరింగ్ విశ్వాసులనేది. మాది లోపలా బయటా ఒకటే. కొత్త సృష్టి."

ఆ మాట మందిరమంతా పాకింది. కొన్నాళ్ళు యువజన కూడికలో కూడా వాడుకున్నారు.

ఇక గాజుల సంగతి.

బావమరిది తల్లి, అంటే బావకి అత్తగారు, నాగాయలంక అవతల సొర్లగొంది పక్క పల్లె మనిషి. భర్త మిషన్ బడిలో పంతులు. ఏడాదిపాటు చీటీ కట్టి ఆవిడకి నాలుగు గాజులు చేయించాడు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు ఇల్లు పోయింది, గేదె పోయింది, పెట్టె పోయింది, ఆ నీళ్ళలోనే పంతులుగారు కూడా పోయాడు. ఆ ఒక్క రాత్రిలో సీమలో 10 వేలకు పైగా ప్రాణాలు పోయాయని లెక్కలు చెబుతాయి. చంకలో కొడుకు, కొంగు పట్టుకుని కూతురు, చేతులకి ఆ నాలుగు గాజులు. వీటితో ఆవిడ బందరు చేరింది. పిల్లల చదువులప్పుడుగానీ కూతురి పెళ్ళప్పుడుగానీ వాటి మీద చెయ్యి వెయ్యలేదు.

కొడుకుతోపాటు ఆవిడా ఆ మందిరానికే వెళ్ళేది. అక్కడ ఆడవాళ్ళు బాప్తిస్మంతో నగలు తీసేస్తారు. సంఘ పెద్ద తల్లి చేతికి గాజులేమిటని కొందరు గొణిగేవాళ్ళు. కొడుకు మాత్రం ఆవిణ్ణి ఎప్పుడూ బలవంతపెట్టలేదు. "పెద్దామె, నాన్న గుర్తు" అని వాళ్ళకే సర్దిచెప్పేవాడు. తల్లి మీద ఎంత గౌరవమో అనుకున్నారు.

మొన్న మందిరానికి స్లాబు వెయ్యాలని ప్రత్యేక కానుక పట్టారు. సంచి తన దగ్గరికి రాగానే ఆవిడ, సంఘంలో అందరికీ మామ్మ, లేచి నిలబడింది. ఒక్కొక్క గాజూ తీసి నాలుగూ సంచిలో వేసింది. "ఆరు కాసులు. రాసుకోండి" అంది. మందిరం స్తోత్రాలతో మారుమోగింది. మామ్మ కూడా లోకాన్ని విడిచిందని సిస్టర్లు కళ్ళొత్తుకున్నారు.

ఆరాధన కాగానే సంఘ పెద్ద ట్రెజరర్ని పక్కకి పిలిచాడు. "అవి మా నాన్న గుర్తు బ్రదర్. కరగనివ్వలేను. నాకిచ్చెయ్యండి, ఇవాళ్టి రేటు కట్టి మొత్తం డబ్బు నేనే వేస్తాను."

ఇవాళ్టి రేటుకి ఆరు కాసులంటే మాటలా! ఈ సంగతి తెలిశాక సంఘంలో ఆయన ఎత్తు ఇంకో అడుగు పెరిగింది.

ట్రెజరర్ కుర్రాడు బ్యాంకు ఉద్యోగి, తూకం చీటీ లేకుండా లెక్క రాయడు. సోమవారం పొద్దున్నే, పెద్దాయనకి శ్రమెందుకని ఆయనతో చెప్పకుండానే, గాజులు రుమాలులో కట్టుకుని చిలకలపూడిలో బావగారి షెడ్డుకి వెళ్ళాడు. ఎంతైనా మామ్మ అల్లుడు గదా, తూకం నమ్మకంగా వేస్తాడని.

బావ రుమాలు విప్పి చూశాడు, మళ్ళీ ముడేశాడు. "ఇప్పుడు పన్లో ఉన్నాను నాయనా, సాయంత్రం రా."

"తూకమేగదండీ, ఒక్క నిమిషం" అని కుర్రాడు తనే గాజుల్ని కాటా మీద పెట్టాడు. ఆరు కాసులంటే 48 గ్రాములు ఉండాలి. కాటా 25 కూడా చూపించలేదు.

"కాటా పాడయిందాండీ?"

అప్పుడే బయట బండి ఆగింది. హెల్మెట్ కూడా తియ్యకుండా సంఘ పెద్ద లోపలికొచ్చాడు. బావని చూశాడు. బావ ఆకురాయి వైపు చూశాడు.

బల్ల మీద ఉన్నదదే గనక కుర్రాడు ఆ ఆకురాయే తీసి గాజు లోపలి అంచున చిన్న గాటు పెట్టి, పక్కనున్న నైట్రిక్ యాసిడ్ సీసాలోంచి ఓ చుక్క వేశాడు. పచ్చగా పొంగింది.

"రాగి!" అన్నాడు. మొహం ఎర్రబడింది. "దేవుని సన్నిధిలో అంతమంది ముందు ఆరు కాసులని చెప్పింది! అననీయ సప్పీరాలు చేసింది ఇదే గదండీ?"

"వదిలెయ్ బ్రదర్" అన్నాడు సంఘ పెద్ద. "పెద్దావిడ. డబ్బు నేను వేస్తానన్నానుగా."

"డబ్బు కాదండీ, పాపం! ఆవిడ ఒప్పుకోవాలి" అని కుర్రాడు ఫోను తీసి మామ్మకి కలిపాడు. చేతికి యాసిడ్ అంటిందేమోనని స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు.

"మామ్మా, ఈ గాజులు కవరింగువి!"

"తెలుసు నాయనా" అంది మామ్మ. "మావాడు అక్కడికి వచ్చాడా?"

సంఘ పెద్ద పలకలేదు. కుర్రాడే "ఉన్నారు" అన్నాడు.

"అయితే మంచిదే, విననీ. ఏరా, బాప్తిస్మానికి ముందటేడు మెరుగు పెట్టిస్తానని పట్టుకెళ్ళావు. తెచ్చి తొడిగిన పూటే తెలిసింది నాకు. ముప్పై అయిదేళ్ళు మోసిన చేతికి బరువు తెలీదుట్రా? ఉప్పెనకి పోనివి మెరుగుకి పోయాయి. ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అని చూశాను. సాక్ష్యం ఇచ్చిన రోజున తాగుడు చెప్పావు, పేకాట చెప్పావు, గాజుల ఊసెత్తలేదు. అదయ్యాక ఇంక నువ్వు పరిశుద్ధుడివి. పాత లెక్కలన్నీ దేవుడు మరిచిపోయాడని ప్రసంగాలు మొదలెట్టావు. ఆయన మరిచిపోయాడేమోగానీ నాయనా, నా మణికట్టు మరిచిపోలేదు."

షెడ్డులో యాసిడ్ వాసన. బావ దగ్గుకూడా ఆపుకుని కూర్చున్నాడు.

"అల్లుడుగారు ఉన్నారా?"

"ఉన్నానండీ అత్తయ్యగారూ."

"పండక్కి మీ గుడికి వచ్చినప్పుడల్లా మీ పక్కనే మోకరించాను. మీరు పాపినని గట్టిగానే ఒప్పుకుంటారు. ఏ పాపమో మాత్రం ఎన్నడూ వినపడలేదు. ఈ గాజులు చేసింది మీరే, అసలువి కొనుక్కుంది మీరే."

ఆ మాటకి ఎవరూ ఏమీ అనలేదు.

"ట్రెజరర్ బాబూ, పుస్తకం ఉందా? రాసుకో. ఆరు కాసులు, ఇవాళ్టి రేటు. పరిశుద్ధుడు సగం, పాపి సగం."