పెద్దలకు సన్మానపత్రం

బడిలో లైంగిక విద్య వద్దని గట్టిగా నిలబడిన పెద్దలారా, ముందుగా మీ ఐకమత్యాన్ని పొగడాలి. కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి 2005లో కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. రెండేళ్లు తిరిగేసరికి మధ్యప్రదేశ్‌లో బీజేపీ ప్రభుత్వం వద్దంది. మహారాష్ట్రలో కాంగ్రెస్, ఎన్సీపీల ప్రభుత్వం వద్దంది. కర్ణాటకలో జేడీఎస్ ముఖ్యమంత్రి ఉన్న ప్రభుత్వమూ వద్దంది. బెళగావి ఎవరిదని ఏళ్ల తరబడి తగువులాడుకుంటున్న రెండు రాష్ట్రాలు ఈ ఒక్క విషయంలో ఒక్క మాట మీద నిలిచాయి. జెండాలు వేరైనా మాట ఒకటే కావడం మన దేశంలో అరుదు. అది మీరు సాధించారు.

మీ నిబ్బరం ఇంకా గొప్పది. అదే 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, 53.22 శాతం మంది తమ మీద ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందన్నారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలు. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. ఈ బాధ ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలామంది పిల్లలు ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఆ ఏడాది మీ ముందు రెండు కాగితాలున్నాయి. ఒకదాంట్లో ఈ అంకెలు, ఇంకోదాంట్లో పాఠం కోసం గీసిన శరీరం బొమ్మలు. మీరు బొమ్మలు చూసి కదిలారు. అంకెలు చూసి చలించలేదు. అంత గుండె దిటవు నాకు లేదు. ఆ నివేదిక చదివిన రోజు మా ఇంట్లో పిల్లల ముఖం చూడలేకపోయాను.

మీ శ్రద్ధనూ తక్కువ చేయకూడదు. లైంగిక విద్య మీద వచ్చిన పిటిషన్‌ను రాజ్యసభ పిటిషన్ల కమిటీ చేపట్టింది. దాని అప్పటి అధ్యక్షులు మన నెల్లూరు జిల్లా నుంచి ఎదిగిన ఎం. వెంకయ్యనాయుడు గారు. దేశం నలుమూలల నుంచి అభిప్రాయాలు తెప్పించుకుని 2009లో నివేదిక ఇచ్చారు. బడుల్లో లైంగిక విద్య కూడదన్నారు. పెళ్లికి ముందు శారీరక సంబంధం తప్పని పిల్లలకు చెప్పాలన్నారు. మహాపురుషుల బోధలు, స్వాతంత్ర్య సమరయోధుల చరిత్రలు నేర్పమన్నారు. ఆడపిల్లకు 18, మగపిల్లాడికి 21 ఏళ్లు నిండితేనే పెళ్లి అనీ, బాల్యవివాహం చట్టవిరుద్ధమనీ విద్యార్థులకు తెలియజెప్పాలన్నారు. ఈ చివరి మాటకు మాత్రం రెండు చేతులూ ఎత్తి నమస్కరిస్తాను.

అయితే ఆ మాట దగ్గరే కాసేపు ఆగుదాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, 20 నుంచి 24 ఏళ్ల వయసు ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15 నుంచి 19 ఏళ్ల వయసు అమ్మాయిల్లో అప్పటికే తల్లయినవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 6.8 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. చిన్నతనంలోనే పెళ్లయి తల్లులైన ఆ అమ్మాయిలు మీ మాట జవదాటలేదు. పెళ్లికి ముందు ఏమీ కూడదని మీరన్నారు, సరేనని వాళ్లన్నారు. వాళ్లలో ఒక పిల్లకు తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో పసుపు రాశారు, పీటల మీద కూర్చోబెట్టారు. గర్భం ఎలా వస్తుందో, ఎలా ఆపుకోవచ్చో, వద్దనే హక్కు తనకుందో లేదో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. మీరు కోరిన హద్దులోనే ఉంది, పదిహేడేళ్లకు ప్రసూతి వార్డులో ఉంది. సంప్రదాయానికి ఇంతకన్నా విధేయత ఎవరు చూపగలరు?

వెంకయ్యనాయుడు గారు మాతృభాషలో చదువు కోసం అలుపు లేకుండా మాట్లాడే పెద్దమనిషి. ఆ తపన నిజమైనది, నేనూ ఆ పక్షమే. కానీ తన ఒంటి మీద ఎవరో చెయ్యి వేస్తే, ఎక్కడ వేశారో అమ్మకు చెప్పడానికి మన పిల్లకు మాతృభాషలో ఒక్క మర్యాదైన మాట నేర్పలేదు మనం. చదువులన్నీ తెలుగులో కావాలన్న మనం, ఈ ఒక్క చదువూ ఏ భాషలోనూ లేకుండా చూసుకున్నాం.

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. చాలా బడుల్లో దాన్ని ఇంటి దగ్గర చదువుకోమంటారు. శిక్షణ ఇవ్వకుండా, వెనక ఎవరూ నిలబడకుండా ఒంటరిగా వదిలేసిన మాస్టారిని నేను తప్పుపట్టలేను. పాఠం పుస్తకంలో ఉంచి, క్లాసులో లేకుండా చేసిన నేర్పు మీది. ఒక తరం ఆ లోటును వారపత్రికల్లో లైంగిక సందేహాలకు డాక్టర్ సమరం గారి జవాబులతో పూడ్చుకుంది. ఆయన కనీసం వైద్యుడు. ఇప్పటి పిల్లలకు జవాబు చెబుతున్నది ఫోన్లో దొరికే అశ్లీల వీడియో. అక్కడ మీ నిషేధం ఏదీ పనిచేయదు.

మీ ఓపికకు కూడా సాటి లేదు. లైంగిక నేరాల చట్టాలను సమీక్షించిన జస్టిస్ వర్మ కమిటీ 2013లో లైంగిక విద్య కావాలంది. 2024లో సుప్రీంకోర్టు కావాలంది. 2025 అక్టోబరులో, తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా ఇంకా చిన్న వయసు నుంచే మొదలుపెట్టాలని మళ్లీ చెప్పింది. అన్నీ విన్నారు, చలించలేదు.

ఈ మధ్యలో మీరు అడ్డు చెప్పని చట్టం ఒకటుంది, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో. దాని ప్రకారం, ఏదైనా జరిగాక వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి, పిల్ల వాంగ్మూలం తీసుకుంటుంది. వైద్యులు పరీక్ష చేస్తారు. ప్రత్యేక కోర్టులో న్యాయమూర్తి సాక్ష్యం వింటారు. ఎక్కడ తాకాడు, ఎన్నిసార్లు, ఆ తర్వాత ఏం చేశాడు, అన్నీ విడమరిచి చెప్పాలి. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాటలన్నీ వచ్చి ఉండాలని అక్కడ అందరూ ఎదురుచూస్తారు. ఈ వయసులో ఇలాంటి మాటలేమిటని ఆ గదిలో మీలో ఒక్కరూ లేచి అనరు.