14 కిలోల ఆరోగ్యం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మన భోజనం పళ్లెం కొలిచి మరీ సర్దిపెట్టింది. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలూ ఆకుకూరలూ, 100 గ్రాముల పండ్లు. శాస్త్రాన్ని కాదనేవాళ్లెవరు? నలుగురు పెద్దలున్న ఇంటికి వారానికి లెక్క కడితే 14 కిలోలు. అవి ఇంటికెలా చేరాలో మాత్రం ఆ పళ్లెంలో ఎక్కడా లేదు.

కారున్న అయ్యగారు డిక్కీలో పడేసుకుంటారు. కారు సంగతి దేవుడెరుగు, స్కూటీ కూడా లేనివాళ్లెందరికో డ్రా తీసి మరీ నగర శివారు కొల్లూరులో ఇళ్లిచ్చారు. 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, 2023లో ప్రారంభం, దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు. ఆ రోడ్డు మీదికి బైకునూ ఆటోనూ రానివ్వరు. చూసి ఆనందించవచ్చు.

రైతు బజార్లు 1999లో పుట్టాయి. రైతు తన గంపలు ఆర్టీసీ బస్సులో తెచ్చుకునే ఏర్పాటు అప్పుడే చేశారు. కొన్నామె సంచి ఎలా వెళ్లాలన్నది ఇంకా ఆలోచిస్తున్నట్టున్నారు. పాతికేళ్లేగా అయింది!

ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా అంటారా? మంచి పనే, వెక్కిరించను. కానీ జీరో టికెట్టు తీసుకుని ఒకసారి నిలబడి చూడండి. కుడిచేతికి పైకడ్డీ, ఎడమచేతికి సంచి. సంచిలో అడుగున సొరకాయ, దాని మీద టమాటాలు, ఆపైన గోంగూర కట్ట. స్టాపు స్టాపుకీ కొత్త మోకాళ్లు. దిగేసరికి టమాటా పచ్చడి సగం అయిపోయి ఉంటుంది, తాలింపు పెట్టుకోవడమే తరువాయి.

ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టుకు ఈ బాధ లేదు. కంపెనీ వ్యాను దాన్ని ఏ మారుమూల కొట్టుకైనా చేర్చి, గుమ్మానికి తోరణంలా కట్టి పోతుంది. గోంగూరకు వ్యాను లేదు. దాని తరఫున నటించే హీరో లేడు మరి.

పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు లేవా అంటారు పెద్దమనుషులు. ఉన్నాయి. ఇరవై రూపాయల పాలకూరకు ఆ చార్జీ, ఈ చార్జీ కలిపితే, పాలకూరే ఊరికే ఇచ్చారేమో అనిపిస్తుంది.

పేదింటి గుమ్మం దాకా నడిచొచ్చేది ఒక్క తోపుడు బండే. పావుకిలో అయినా తూస్తుంది, డబ్బులు రేపిమ్మంటుంది, కొసరుగా కరివేపాకు రెబ్బ వేస్తుంది. సరిగ్గా దాన్నే ట్రాఫిక్‌కు అడ్డమని లారీ ఎక్కిస్తారు. పక్కనే ఫుట్‌పాత్ మీద పెట్టిన కారు మాత్రం ఎవరికీ అడ్డం కాదు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు.

వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే పూర్తి చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులోనే ఉంది. అయ్యా అధికారులూ, కొత్త పథకమేదీ అక్కర్లేదు. ఆ చట్టం ఒకసారి తెరవండి. బండ్లు ఎత్తుకెళ్లే ఆ లారీలోనే కూరగాయలు తెచ్చి కొల్లూరులో దించండి.