‘టక్’ అనగానే ఆపాలి

నేను టార్క్ రెంచిని. చందర్లపాడు నుంచి నందిగామ పోయే రోడ్డు పక్కన, ఒక ట్రాక్టర్ల షెడ్డులో నా కాపురం. రింగు పానాలు, బాక్సు పానాలు గోడ మేకులకు వేలాడుతుంటాయి. నన్ను మాత్రం పని కాగానే తుడిచి, డబ్బాలో పెట్టి, బీరువాలో దాస్తారు. గట్టిగా కింద పడితే నా లెక్క తప్పుతుంది. లెక్క తప్పాక నాకూ ఇనుప గొట్టానికీ తేడా లేదు.

మేస్త్రీ నన్ను విజయవాడ ఆటోనగర్‌లో కొన్నాడు. అర మీటరు పొడవు, ముందర సాకెట్టు తొడిగే అర అంగుళం పలక, పిడి మీద 40 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా గీతలు. అర మీటరు కడ్డీ చివర 20 కిలోల బరువు వేలాడదీస్తే దాదాపు 98 న్యూటన్ మీటర్లు. నేను కొలిచేది ఆ తిప్పుడు బలాన్ని. నా కడుపులో స్ప్రింగు ఉంది. పిడి తిప్పి అంకె పెడితే అది నొక్కుకుంటుంది. పెట్టిన బలం రాగానే లోపలి దిమ్మ ఒరిగి, గొట్టానికి తగిలి ‘టక్’ అంటుంది. చెప్పడం వరకే నా పని. లాగే చేతిని ఆపే శక్తి నాకు లేదు.

న్యూయార్క్ నగర నీటి సరఫరా విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్ 1918లో మా వంశానికి ప్రాణం పోశాడంటారు. పనివాళ్ళు భూమిలోని గొట్టాల బోల్టులను అతిగా బిగించి పాడుచేస్తుంటే ఆ బాధ తప్పించడానికి.

ఆ బాధ మా ఊరికీ కొత్త కాదు. నల్లరేగడి దుక్కుల రోజుల్లో ఒక ట్రాక్టర్ వచ్చింది. ఎక్కడో దాని ఇంజిన్ హెడ్డు దించి, పానాకు గొట్టం తొడిగి మరీ బిగించారట. గాస్కెట్ పోయి, నీళ్ళు కలిసిన ఆయిలు మజ్జిగలా తెల్లబడింది.

“అంత గట్టిగా బిగించినా ఎట్టా పోయింది మేస్త్రీ?” అన్నాడు రైతు.

“గట్టిగా ఉంటే చాలదు బాబాయ్. అన్నీ ఒక్క తీరున బిగియాలి.”

మేస్త్రీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది వెనక్కి లాక్కుంటుంది కాబట్టే హెడ్డును, బ్లాకును అదిమి పట్టుకుంటుంది. తల మీద 8.8 అని ఉంటే, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తెగకుండా ఓర్చుకుంటుందని, అందులో 80 శాతం, అంటే 640 దాటితే సాగినది సాగినట్టే ఉండిపోతుందని అర్థం. ఆ గీత దాటిన బోల్టు చేతికి బిగువుగా తగలవచ్చు, కానీ దాన్ని ఇక నమ్మడానికి లేదు.

చేతి అంచనా ఎందుకు మోసపోతుందంటే, మనం వేసే బలంలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే పోతుంది. మరో 40 శాతం మరలు తినేస్తాయి. మిగిలిన పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మరలకు తుప్పు పట్టి ఉంటే నేను ‘టక్’ అన్నా లోపల పట్టు చాలదు. పొడిగా బిగించమన్నచోట నూనె రాస్తే అదే అంకెకు బోల్టు అతిగా సాగుతుంది. అందుకే నన్ను పట్టుకునేముందు మేస్త్రీ మరలు బ్రష్షుతో తోముతాడు, రంధ్రాల్లోకి గాలి కొడతాడు. అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిలు నిలిచి ఉంటే, బోల్టు దిగేకొద్దీ ఆ ఒత్తిడికి పోత ఇనుము కూడా పగలొచ్చు. నా పనికన్నా ఈ తోమడమే పెద్ద పని అంటాను. తొందరపడే షెడ్డుల్లో మొదట మానేసేది కూడా దీన్నే.

తర్వాత హెడ్డు మధ్య బోల్టుతో మొదలుపెట్టి అంచులకు పోవాలి, అదీ విడతలుగా. కంపెనీ పుస్తకంలో 120 ఉంటే ముందు 40, తర్వాత 80, ఆఖరికి 120. కొన్ని కొత్త ఇంజిన్ల బోల్టులను నా అంకె వచ్చాక మరో పావు తిప్పు తిప్పమంటారు; వాటిని కావాలనే సాగదీస్తారు గనుక, విప్పితే మళ్ళీ వాడకూడదు.

సుబాబుల్ కర్ర లోడు ట్రక్కు వస్తే షెడ్డు కుర్రాడు చక్రం నట్లను ఎదురెదురుగా బిగిస్తాడు. వరసగా బిగిస్తే చక్రం ఒక పక్కకు కూర్చుంటుంది. కాస్త దూరం తిరిగాక మళ్ళీ చూపించమని చెప్పి పంపుతారు; డ్రైవర్లు ఆ మాట వినాలని నా కోరిక. హైవే మీద తిరిగే పెద్ద లారీల చక్రాలు నా శక్తికి మించినవి. వాటికి ముప్పావు అంగుళం పలకున్న మా పెద్దన్న కావాలి.

నేనూ తప్పు చెప్పగలను. ఏడాదికోసారి, లేదా 5000 సార్లు ‘టక్’ అన్నాక, నన్ను సరిచూడాలని ప్రమాణం. నాలుగు శాతం తేడా వరకే నాకు మాఫీ. పని అయ్యాక స్ప్రింగును కింది అంకెకు వదలాలి. బిగుసుకున్న బోల్టు విప్పడానికి నన్ను వాడకూడదు. ఆ మొరటు పనికి గోడ మీద పానాలున్నాయి.

“ఒకసారి ‘టక్’ అన్నాక మళ్ళీ లాగకురా,” అంటాడు మేస్త్రీ కుర్రాడితో. పిడి మధ్యలో పట్టుకుని, కుదుపు లేకుండా లాగడం వాడికి వచ్చేసింది. ఈ వారం కనెక్టింగ్ రాడ్ బోల్టులు వాడిచేత బిగించబోతున్నారు. అవి ఇంజిన్ అడుగు భాగంలో ఉంటాయి. ఒక్కటి వదులైనా రాడ్డు బ్లాకును పగలగొట్టుకుని బయటికి రావచ్చు.