చూపు తప్పిన రూపాయి

కొత్తగా మ్యాజిక్ నేర్చుకునేవాణ్ణి గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. టీ కొట్టు దగ్గర తీసుకున్న చిల్లరను జేబులో వేసుకోకుండా, అరచేతి కండల మధ్య ఇరికించుకొని, వేళ్ళు వంకరగా పెట్టుకొని నిలబడ్డాడంటే అతనే. చేతికి ఏమైందని ఎవరైనా అడగాలని అతని ఆశ. తిరుపతిలో మంచివాళ్ళకు కొదవలేదు కాబట్టి అడుగుతారు. అడిగి, పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమని చెప్పి, బస్సు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పి మరీ వెళతారు.

పగలు లాడ్జిలో రిసెప్షను, రాత్రి అద్దం ముందు పి.సి. సర్కార్. మనం తీసిన పేకముక్క ఒకటి, అతను చూపించే ముక్క ఇంకొకటి. తప్పినప్పుడల్లా సర్కార్ కథ మొదలవుతుంది. 1956లో లండన్‌లో, బీబీసీ పనోరమా కార్యక్రమంలో సర్కార్ ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోశాడట. ఆమె లేచి నిలబడకముందే ప్రసార సమయం అయిపోయిందట. చచ్చిపోయిందేమోనని జనం బీబీసీకి ఒకటే ఫోన్లట. ఈ కథ చెప్పడంలో మాత్రం మనవాడు ఆరితేరాడు. అది పూర్తయ్యేసరికి మనం తీసిన ముక్కేదో మనకే గుర్తుండదు.

ఇంట్లో ముందు పట్టుబడింది పేక కట్టే. పేక దొరికిన చోట అప్పు కూడా దొరుకుతుందని వాళ్ళమ్మ పరుపు కిందంతా వెతికింది. "పేకాట కాదమ్మా, మ్యాజిక్కు" అంటే, "మీ నాయన కూడా మొదట్లో టైంపాసే అన్న్యాడు" అంది.

దాంతో గిన్నెల మీద పడ్డాడు. మూడు గిన్నెలు, మూడు చిన్న ఉండలు. అటూ ఇటూ మార్చి, ఆఖరున గిన్నె ఎత్తితే కింద నిమ్మకాయ. దేశదేశాల ఇంద్రజాలికులు ఎన్నో ఏళ్ళుగా ఈ ఆట ముగింపుకు నిమ్మకాయ వాడటం మామూలే. కానీ గది మూలన బోర్లించిన గిన్నెల కింద నిమ్మకాయలు కనపడితే తిరుపతి తల్లికి ఏమనిపిస్తుంది? ఎవరో కానివాళ్ళు ఇంటికి ఏదో చేయించారనిపిస్తుంది. సాయంత్రానికల్లా గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడింది. సాధనకని కొనుక్కున్న నిమ్మకాయలన్నీ అతనికే దిగదుడిచి నాలుగు దారుల కూడలిలో పారేశారు.

మిగిలింది రూపాయి. 1952లో జె.బి. బోబో రాసిన 'మోడర్న్ కాయిన్ మ్యాజిక్' ఈ విద్యకు పెద్ద బాలశిక్ష. మనవాడి మొదటి పాఠం ఫ్రెంచ్ డ్రాప్. ఎడమచేతిలోని నాణేన్ని కుడిచేత్తో తీసుకున్నట్టు నటించి, ఎడమచేతిలోనే ఉంచేసుకోవాలి. ప్రదర్శనకు అతను ఎంచుకున్నది ఎదురింటి రిటైర్డ్ బ్యాంకు సారును. ఆయన శ్రీవారి హుండీ కానుకలు లెక్కపెట్టే పరకామణి సేవ చేసొచ్చిన మనిషి. జేబుల్లేని పంచెలతో, అందరి కళ్ళ ముందర కూర్చొని చేసే లెక్క అది.

"రెండు చేతులూ ఎత్తు నాయనా" అన్నాడాయన. ఎత్తాడు. "వేళ్ళు విడదియ్యి." విడదీయబోయాడు. రూపాయి ఖణేల్‌మని కింద పడింది.

"చెయ్యి బాగనే తిరగతాంది" అని ఓదార్చాడు సారు. "దొంగలు నీ కండ్లే. రూపాయి యాడుంటే ఆడికే చూస్తాండావు. అది లేని చేతిని చూడరా."

ఆ సలహా అర్థం కాకుండానే ఎండాకాలం వచ్చింది. బంగారుపాళెం మామకు తోతాపురి తోట ఉంది. మన దేశపు గారడీవాళ్ళ పేరుమోసిన విద్య మామిడిచెట్టు ఆట. టెంక పాతి, బట్ట కప్పి, కాసేపట్లో కాయతో సహా మొక్క చూపిస్తారు. "నేర్చుకొని నీ తోటలోనే చేస్తా మామా" అన్నాడు.

మామ తలపాగా విప్పి దులుపుకున్నాడు. "చెట్టు మొలిచేది ఏం విడ్డూరం అల్లుడూ? 2025లో కిలోకి ఫ్యాక్టరీ ఎనిమిది, సర్కారు నాలుగు అని లెక్క చెప్పిరి గదా. బట్ట కప్పి అట్లాంటి పన్నెండు రూపాయలు మొలిపించు. నీ కాళ్ళకు మొక్కతా."

ఆ మే నెలలోనే తాతయ్యగుంట గంగమ్మ జాతర. పాలెగాణ్ణి పట్టుకోవడానికి అమ్మవారే రోజుకో వేషం వేసిందని చెప్పుకునే ఊళ్ళో వేషాలకు లోటా? బైరాగి, బండ, తోటి అయ్యాక దొర వేషం రోజు వచ్చింది. మనవాడు నల్లకోటు, టోపీ పెట్టుకొని బయల్దేరాడు. చూసినవాళ్ళంతా, "ఓహో, ఇంగ్లీషు దొరా!" అని దారిచ్చారు. మ్యాజిక్ చూస్తామన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

గుడి దగ్గర ఒక అవ్వ ముడుపు రూపాయి అతని చేతిలో పెట్టి, "రవ్వంత పట్టుకో నాయనా, కొంగు సర్దుకుంటా" అంది. పట్టుకున్నాడు. ఇంతలో డప్పులు దగ్గరకొచ్చాయి. వాటికేసి చూస్తూనే చేతిలోది ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చాడు. అవ్వ అడగ్గానే కుడిచెయ్యి చాపాడు. గుప్పిట ఖాళీ! అందరికన్నా ముందు నోరు తెరిచింది అతనే.

"అమ్మోరి రూపాయి మింగితివా, నీ దొరతనం పాడుగాను!"

చుట్టూ జనం మూగారు. తన రెండు చేతులకేసి ఇంతమంది ఇంత శ్రద్ధగా చూడటం అతని కళాజీవితంలో ఇదే మొదలు. గుట్టు చెప్పకూడదన్న నియమం ఒకటుంది. చెప్పకపోతే తన్నులూ ఉన్నాయి. ఆ రెండింటి మధ్యా నిలబడి అతను నవ్వుతున్నాడు.

గుంపును తోసుకుంటూ బ్యాంకు సారు వచ్చి భుజం తట్టాడు.

"నాక్కూడా అగపళ్ళేదురా. ఇంగ తీసి ఇచ్చెయ్యి, కొడతారు."