రోలరును ఒక్కసారి పంపండి

కాఫీ పళ్లు అమ్మిన డబ్బులు చేతిలో పడగానే మా ముంచింగిపుట్టు కొండల కుర్రాణ్ణి పట్టి పీడించే ప్రశ్న ఒకటే: బండికి ఏ సైలెన్సర్ వేయించాలి? ఇంటి కప్పు, షావుకారు అప్పు లాంటి చిల్లర విషయాలు వచ్చే ఏడు చూసుకోవచ్చు.

రకాలకు కొదవ లేదు. స్లొవేనియాలో తయారయ్యే అక్రపోవిచ్ టైటానియం గొట్టం అసలుది కావాలంటే మన బండి అమ్మినా చాలదు. అదే స్టిక్కరు అంటించిన రేకు గొట్టం మాత్రం రెండు మూడు వేలకే దొరుకుతుంది. బుల్లెట్ ఉన్నవాడికి ఇండోర్ సైలెన్సర్, షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్. ఏమీ లేనివాడు వెల్డింగ్ షాపుకెళ్లి, ఉన్నదాని కడుపు కోయించి లోపలి జాలీలు పీకించేస్తాడు. ఆపరేషన్ తర్వాత రోగికి గొంతు పెరుగుతుంది, ఊపిరి తగ్గుతుంది.

ఆ ఊపిరి సంగతి కాస్త చెప్పుకోవాలి. నూరు సీసీ ఇంజను ఇచ్చేదే సుమారు 8 హార్స్‌పవర్. దానికి తగ్గట్టు గొట్టం పొడవు, లావు, లోపలి గదులు కంపెనీవాడు లెక్కకట్టి పెడతాడు. వాటిని పీకేస్తే తక్కువ వేగంలో లాగే సత్తా పోతుంది. విశాఖ బీచ్ రోడ్డు మీద ఆ తేడా ఎవడికీ తెలీదు. ఇక్కడ ముగ్గురు మనుషులు, ఒక పసుపు బస్తా, ఫస్ట్ గేరు. మోత ఒక్కటే కొండెక్కుతుంది. మిగతావాళ్లు దిగి తొయ్యాలి.

మా దారుల్లో సైలెన్సర్‌కు కావలసిన గుణాలు వేరు. గెడ్డ దాటేటప్పుడు నీళ్లెక్కకూడదు. రాయి తగిలితే బ్రాకెట్టు ఊడకూడదు. వెనక కూర్చున్న పిల్ల కాలు కాలకూడదు. ఇవన్నీ చూసి చేసిన సైలెన్సర్ ఒకటుంది. బండితో పాటే వస్తుంది. విడిగా డబ్బు పెట్టి కొనలేదు కనుక దానికి విలువ లేదు.

ఇంత మోత దేనికిరా అని అడిగితే కుర్రాడి జవాబు సిద్ధం: "మలుపుల్లో ఎదరోడికి తెలవాల కదా మావా." హారన్ ఉంది కదరా? "అది పంజెయ్యట్లేదు." గొట్టం మూతి వెనక్కి ఉంటుందనీ, ముందు దడుచుకునేది వెనకొచ్చేవాడేననీ చెప్పబోయేలోపు బండి మలుపు తిరిగిపోయింది. హారన్ లేకుండానే.

మరికొందరికి మోత చాలదు, పేలాలి. నడుస్తుండగా తాళం కట్టేసి మళ్లీ తిప్పి గొట్టంలోంచి 'ఠాప్' మనిపిస్తారు. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో ఏళ్ల తరబడి తుపాకుల నుంచి అలాంటి చప్పుడు వినపడితే దీపం ఆర్పి తలుపేసుకున్న ఊళ్లు ఇవి. పేల్చింది ఎవరని అడిగే ధైర్యం కూడా ఉండేది కాదు. ఇప్పుడదే చప్పుడును సరదాకు కొనుక్కుంటున్నామంటే శాంతి వచ్చినట్టే లెక్క. ఆ సంగతి మంచం కింద దూరిన తాతకు ఎవరైనా చెప్పాలి.

చట్టం మాత్రం నిద్రపోవడం లేదు. 80 నుంచి 175 సీసీ దాకా బండి చప్పుడుకు పరిమితి 77 డెసిబెల్స్. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సుకు ఎసరు. విశాఖ పోలీసులైతే పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు.

ఆ తతంగం ఫోటో చూసి మా వాళ్లు నోరెళ్లబెట్టారు. నుజ్జయిన గొట్టాలను చూసి కాదు, రోలరును చూసి. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే గూడేలు ఇంకా ఉన్న కొండలివి. 2022లో జిల్లా కొత్తగా వచ్చింది, అల్లూరి పేరొచ్చింది. రోలరు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నట్టుంది. దారి లేక ఆగిపోయిందేమో పాపం.

అయ్యా, కాబట్టి మాదో చిన్న మనవి. మా కుర్రాళ్ల మీద కూడా ఆ చర్య తీసుకోండి. జిల్లా కేంద్రం పాడేరు నుంచి రోలరును పంపండి చాలు. గొట్టాలన్నీ మేమే ఊడదీసి ఇస్తాం, కావాలంటే ఆ పనిచేయని హారన్లు కూడా. ఒకేచోట కుప్ప పోయం. మండల కేంద్రం నుంచి కొండ మీద ఆఖరి గూడెం దాకా పది అడుగులకొకటి చొప్పున పరుస్తాం. అన్నిటినీ తొక్కేదాకా రోలరు వెనక్కి వెళ్లకూడదు మరి.