సున్నాలో 30 శాతం

"స్థానికులకే ఉద్యోగాలు" అన్న నినాదానికి పేటెంటు మనదేనని మురిసిపోయే సోదరులకు ఒక మనవి. విశాఖ ఉక్కుకు భూములిచ్చినవాళ్లకు ఇంటికో ఉద్యోగమన్న హామీ మనకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి 75 శాతం స్థానిక కోటా చట్టమూ ఉంది. కాదనను. కానీ హామీని చట్టంగా రాసి, చట్టాన్ని ఫారంగా మార్చి, ఆ ఫారాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే విద్యలో అమెరికా వాళ్లు మనకు పెద్దన్నలు. యాభై ఏళ్లు దాటిన అనుభవం వాళ్లది.

1967 వేసవిలో నెవార్క్, డెట్రాయిట్ నగరాలు తగలబడ్డాయి. ఎందుకో తేల్చమని అధ్యక్షుడు జాన్సన్ కెర్నర్ కమిషన్‌ను వేశాడు. నల్లవాళ్లకు పని లేదు, ఉండడానికి సరైన ఇల్లు లేదు, పోలీసుల దెబ్బలకు మాత్రం కొదవ లేదు, వీటన్నిటికీ మూలం తెల్లవాళ్ల జాత్యహంకారమేనని కమిషన్ మొహమాటం లేకుండా రాసింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. నగరాలు మళ్లీ మండాయి. 1968 ఆగస్టు 1న జాన్సన్ గృహనిర్మాణ చట్టం మీద సంతకం పెట్టాడు. అందులో మూడో సెక్షన్ సారాంశం: పేదల ఇళ్ల కోసం కేంద్రం డబ్బు ఖర్చుపెడుతున్నప్పుడు ఆ పనిలో ఉద్యోగాలూ కాంట్రాక్టులూ సాధ్యమైనంత వరకు ఆ ప్రాంతపు పేదలకే దక్కాలి. కప్పు కారుతుంటే బాగుచేసే మేస్త్రి ఆ కప్పు కింద నుంచే రావాలన్నమాట. వ్యంగ్యం పక్కన పెట్టి చెబుతున్నాను, చక్కటి ఆలోచన.

అయితే "సాధ్యమైనంత వరకు" అన్నారు. సాధ్యం కాలేదని చెప్పడం ఎవరికైనా సాధ్యమే.

ఈ సెక్షన్ ఉన్నట్టు ఢిల్లీకి, క్షమించాలి, వాషింగ్టన్‌కు మళ్లీ గుర్తు రావడానికి ఇంకో నగరం కాలాల్సి వచ్చింది. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని చావబాదిన పోలీసులు నిర్దోషులని 1992లో తీర్పు రాగానే లాస్ ఏంజెలెస్ భగ్గుమంది. ఆ ఏడాదే కాంగ్రెస్ సెక్షన్ 3కి సానబెట్టింది. 1994లో గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ నిబంధనలు తెచ్చింది. వాటి మీద "మధ్యంతరం" అని ముద్ర వేసింది. తుది నిబంధనలు వచ్చింది 2020లో. 1994లో ప్రభుత్వ గృహసముదాయంలో పుట్టిన పిల్లాడికి అప్పటికి 26 ఏళ్లు. అంతకాలం ఒక మధ్యంతరాన్ని నడిపిన ఘనత మన పంచాయతీరాజ్ శాఖకు కూడా ఉన్నట్టు లేదు.

ఇక ఆ మధ్యంతర నిబంధన చెప్పిన లెక్క వినండి. కాంట్రాక్టరు కొత్తగా చేర్చుకునే మనుషుల్లో 30 శాతం మంది ఆ ప్రాంతపు పేదలై ఉండాలి. కాంట్రాక్టరు ఏం చేస్తాడు? ఏళ్ల తరబడి తన దగ్గరున్న ముఠాను వ్యానులో ఎక్కించుకుని సైటు దగ్గర దిగుతాడు.

"కొత్తగా ఎంతమందిని పెట్టుకున్నారండీ?"

"ఒక్కర్నీ లేదండీ. ఉన్నవాళ్లతోనే సర్దుకుంటున్నాం."

"మరి 30 శాతం?"

"సున్నాలో 30 శాతం ఎంతండీ?"

ఆఫీసరు కాలిక్యులేటర్ తీసి నొక్కి చూసి, సంతృప్తిగా సంతకం పెడతాడు. చట్టం నూటికి నూరు శాతం అమలైంది. కోట్ల డాలర్ల మరమ్మతు నెలల తరబడి సాగుతుంది. మూడో అంతస్తు కిటికీలోంచి పనిలేని కుర్రాడొకడు ఆ అమలును తనివితీరా చూస్తుంటాడు.

కొంచెం భయభక్తులున్న కాంట్రాక్టరుకైతే ఇంకో దారుంది. పదిమందిని కొత్తగా తీసుకుని అందులో ముగ్గురు పేదలుండేట్టు చూసుకుంటే చాలు. ఆ ముగ్గురూ ఎన్నాళ్లు పనిచేశారన్నది లక్ష్యానికి అక్కర్లేదు. సోమవారం హెల్మెట్ ఇచ్చి శుక్రవారం లాక్కున్నా ముగ్గురంటే ముగ్గురే. ఈ లెక్కలన్నీ 60002 నంబరు ఫారంలో నింపి పైకి పంపాల్సి ఉండేది. పంపనివాళ్లను శాఖ సరిగ్గా పట్టించుకోలేదని 2013లో శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే తనిఖీ చేసి రాయాల్సి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి కదా. ఇక్కడ పూజారి గుడి తలుపే తీయలేదు.

పేదలు అసలు ముందుకు రావడం లేదనే వాదన ఒకటుంది. కేంద్రం డబ్బుతో జరిగే నిర్మాణాల్లో 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం ప్రకారం ఆ ప్రాంతంలో నడిచే కూలీ రేటు ఇచ్చి తీరాలి. అంత కూలీ వచ్చే పనికి రానన్నవాడు దొరికితే చూపించండి, దండ వేద్దాం. అసలు అడ్డు వేరే: తలుపు దగ్గర కూర్చుని ఉన్నది కార్మిక యూనియన్ల అప్రెంటిస్‌షిప్. దానికి చాలాచోట్ల హైస్కూలు సర్టిఫికెట్ కావాలి, డ్రైవింగ్ లైసెన్సు కావాలి. లైసెన్సుకు కారు కావాలి, కారుకు ఉద్యోగం కావాలి.

సరే, 2020లో తప్పు దిద్దుకున్నారు. మనుషుల్ని కాదు, గంటల్ని లెక్కపెడదామన్నారు. మొత్తం పనిగంటల్లో 25 శాతం సెక్షన్ 3 కార్మికులవి కావాలి. సున్నా కిటుకు దీంతో చెల్లదు, ఒప్పుకోవాలి. కానీ ఎవరా కార్మికులు? ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతానికి మించి సంపాదించనివాళ్లు. న్యూయార్క్‌లో ఏడాదికి 70 వేల డాలర్లు తెచ్చుకునే ఒంటరి మనిషి కూడా ఈ లెక్కన పేదే. చేరాక జీతం పెరిగినా, చేరినప్పుడు పేదవాడైతే ఐదేళ్ల దాకా ఆ హోదా ఊడదు. మన తెల్ల రేషన్ కార్డుల మీద జోకులు వేసేవాళ్లు కాస్త ఆలోచించుకోవాలి. మరి ఆ గృహసముదాయాల్లోనే ఉండే నివాసులో? వాళ్లకూ, వాళ్లలాంటి మరికొందరికీ కలిపి 5 శాతం. అదీ అందకపోతే ఏం చేశారో రాసిస్తే సరి: జాబ్ మేళా పెట్టాం, శిక్షణ ఇచ్చాం, రెజ్యూమే రాసిపెట్టాం. ఉద్యోగం ఒక్కటి తక్కువ, మిగతావన్నీ ఇచ్చాం.

కాంట్రాక్టుల సంగతికొస్తే, కంపెనీలో 51 శాతం వాటా పేదలదైతే దానికి ప్రాధాన్యం ఉంటుంది. 51 శాతం అనగానే మనవాళ్ల మనసులో వంటమనిషి పేరూ డ్రైవరు పేరూ మెరిసే ఉంటాయి. ఆగండి. నివాసులే పెట్టుకున్న సంస్థలకు బయటివాళ్ల పోటీ లేకుండా, మొత్తం 10 లక్షల డాలర్ల దాకా పనులిచ్చే వీలు కూడా నిబంధనల్లో ఉంది. కిటికీ బిగించడం, పైపు మార్చడం లాంటివి వాళ్లు చేయలేని పనులేం కావు. దేశంలోకెల్లా పెద్దదైన న్యూయార్క్ హౌసింగ్ అథారిటీలో సరిగ్గా ఇలాంటి చిన్న పనులకే, 10 వేల డాలర్ల లోపైతే, టెండరు అక్కర్లేకుండా ఉండేది. ఎవరికిచ్చారు? 2024 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఉద్యోగులు, మాజీ ఉద్యోగులు కలిపి 70 మంది మీద కేంద్ర ప్రాసిక్యూటర్లు లంచం కేసులు పెట్టారు. పని ఇచ్చినందుకో, అయిందని సంతకం పెట్టినందుకో సాధారణంగా 10 నుంచి 20 శాతం పుచ్చుకున్నారని ఆరోపణ. కోటీ ముప్పై లక్షల డాలర్లకు పైబడిన పనుల మీద 20 లక్షల డాలర్లకు మించిన లంచాలు. అమెరికా న్యాయశాఖ ఒకే రోజున ఇంతమంది మీద లంచం కేసులు పెట్టడం చరిత్రలో అదే మొదటిసారి. సెక్షన్ 3 శాతాలు సాధించడానికి చట్టం, సవరణ, మధ్యంతరం, తుది నిబంధన అన్నీ కావాల్సి వచ్చాయి. ఈ శాతం ఏ ఫారమూ లేకుండానే ఠంచనుగా వసూలైందన్నమాట.

ఇన్ని అడ్డంకులూ దాటి ఏ కుర్రాడికో నిజంగానే పని దొరికిందనుకుందాం. ప్రభుత్వ గృహాల్లో అద్దె మామూలుగా కుటుంబ ఆదాయంలో 30 శాతం. కుర్రాడు జీతం తెస్తే అద్దె కూడా వెనకే వస్తుంది. అమ్మ సంబరపడే లోపే ఆఫీసు నుంచి కొత్త అద్దె నోటీసు. 1994 నుంచీ నివాసికి ఎగ్గొడుతూ వచ్చిన ఆ 30 శాతాన్ని నివాసి దగ్గర మాత్రం నెలనెలా వసూలు చేస్తారు. ఇక్కడ "సాధ్యమైనంత వరకు" ఉండదు. ఆదాయం వరుసగా రెండేళ్లు ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 120 శాతం దాటితే ఎక్కువ అద్దె కట్టాలి, లేదా ఇల్లు ఖాళీ చేయాలి.

పని దొరకనివాడు హాయిగా ఉంటాడనుకోకండి. 1998 చట్టం ప్రకారం ప్రభుత్వ గృహాల్లో ఉంటూ ఉద్యోగం చేయని పెద్దవాళ్లు, వృద్ధులకూ వికలాంగులకూ ఇంకొందరికీ మినహాయింపు పోగా, నెలకు 8 గంటలు జీతం లేని సమాజసేవ చేయాలి, లేదా ఏదైనా ఉపాధి శిక్షణకు వెళ్లాలి. రెండూ చేయకపోతే లీజు పొడిగించరు. పని ఇమ్మంటే కాంట్రాక్టరు వీలు చూసుకుంటాడు, ఉత్తినే చేయమంటే మాత్రం నివాసికి ఇల్లు పందెం. ఈ 8 గంటలను కూడా ఆ 25 శాతంలో కలిపేసుకోనిస్తే లక్ష్యం ఇట్టే దాటొచ్చు. సలహా ఉచితం. హౌసింగ్ అథారిటీల కన్సల్టెంట్లు ఎవరైనా దీన్ని తమ పేరుతో సమర్పించుకున్నా నాకభ్యంతరం లేదు.