ప్రస్థానము

కోనసీమలో కాలువలకు నీరు వదలుటయు, కళాశాలలు తెరచుటయు ఇంచుమించు ఒకే సమయమున జరుగును. వేసవిలో మరమ్మతుల నిమిత్తము కట్టివేసిన కాలువలలోనికి ధవళేశ్వరము ఆనకట్ట నుండి క్రొత్తనీరు దిగి, ఎండిన బురదలో ఒరిగి పడియున్న పడవలు మెల్లమెల్లగా లేచి నిలువబడునట్లే, రెండు నెలలుగా మామిడితోటలలోను అరుగులమీదను ఒరిగి పడియుండిన మావంటి విద్యార్థులును జూన్ నెల కడపటి వారములో లేచి నిలువబడుచుండెడివారము. పడవలకు తారు పూయుదురు. మాకు తలంటి పోయుదురు. అంతియే భేదము.

1949వ సంవత్సరమున నేను ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కి, రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువుటకు నిశ్చయమైనది. నిశ్చయము మా నాన్నగారిది. వీరేశలింగము పంతులుగారు తెలుగు పాఠములు చెప్పిన చోటనియు, రాధాకృష్ణ పండితులు కొంతకాలము తత్త్వశాస్త్రము బోధించిన చోటనియు వారు గ్రామములో ఎదురుపడిన వారికెల్ల చెప్పుచుండిరి. విన్నవారు ఒకసారి నావంక చూచి, ఏమియు అనక, తమ పనిమీద వెడలిపోవుచుండిరి.

ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకముతోను, రుసుముతోను జూన్ 30, గురువారమునాడు హాజరు కావలసినదని కార్డు వచ్చుటకు పూర్వమే నా సన్నాహము సగము పూర్తియైయుండెను. మే నెలలోనే, చేతికి రసాలపండ్ల జిగురు అంటియుండగనే, రూళ్ళకర్రయు, ఒక కొన ఎరుపును ఒక కొన నీలమును గల పెన్సిలును పుచ్చుకొని, ఒక దళసరి ఫుల్‌స్కేపు కాగితముమీద దినచర్యా పట్టిక నొకదానిని నిర్మించితిని. నాలుగు గంటలకు లేచుట మొదలుకొని తర్కము, చరిత్ర, ఆంగ్లము, వ్యాయామము, ఆత్మవిమర్శ మున్నగునవన్నియు గడులలో ఒద్దికగా కూర్చుండెను. మూడవ ప్రతి సిద్ధమగునప్పటికి దానిలో ఒక దోషమైనను లేదని తోచి, నాన్నగారికి చూపితిని. వారు కరణీకములో తల నెరసినవారు. పట్టిక యనగానే అడుగునుండి పైకి కూడుట వారికి అలవాటు. కూడి, కళ్ళజోడు నొసటిమీదికి త్రోసి, “ఏరా, రాజమండ్రిలో రోజుకి ఇరవై ఆరు గంటలా?” అనిరి. నేను నిద్రలోనుండి రెండు గంటలు తగ్గించితిని. “అది సరే, ఇందులో భోజనం ఏదీ?” అనిరి. అదియును నిద్రలోనుండియే తీసితిని. మొత్తముమీద నాకు నిద్ర మూడు గంటలు మిగిలినది. మహాపురుషులకు అంతకన్న అక్కరలేదని విని యుంటిని గనుక కొంత గర్వముకూడ కలిగినది. ఆ దినమున మధ్యాహ్నము నాలుగు గంటలవరకు నిద్రించితిని.

తరువాతది పుస్తకముల సేకరణము. పొరుగూరి యందొకడు ముందటి ఏడు చదివి విడిచిన తర్కశాస్త్రము సగము వెలకు దొరకినది. అది నాకన్న ముందు ముగ్గురి చేతులు మారినది. ముప్పది రెండవ పుటవరకు ఎఱ్ఱసిరాతో గీతలు, అంచులలో వ్యాఖ్యానములు, ఆశ్చర్యార్థకములు. అక్కడనుండి ఏబదవ పుటవరకు పెన్సిలు గీతలు. అటుపిమ్మట నిష్కళంకమైన తెల్లదనము. ముగ్గురు పూర్వులలో ఒక్కడైనను ఏబదవ పుట దాటకుండుట చూచి, ఆ చోట ఏదో లోతైన గుండమున్నదని అప్పుడే గ్రహింపవలసినది. నేను గ్రహింపక, మూడవ రంగు గీతలకై ఆకుపచ్చ సిరా కొంటిని. కలము మాత్రము నాన్నగారు తమది ఇచ్చిరి. అది రాజమహేంద్రవరములో రత్నముగారు చేసిన స్వదేశీ కలము. ఆ రత్నముగారి కలమును మెచ్చి 1935లో గాంధీమహాత్ముడు ఉత్తరము వ్రాసియుండుటచేత, దానితో నేను వ్రాయబోవు ఉత్తరములలో డబ్బు అడుగుట ఉచితము కాదని నాన్నగారి అభిప్రాయమై యుండవచ్చును.

ఇక ప్రయాణము. పంచాంగము తెరవగానే మూడు చిక్కులు తేలినవి. మొదటిది ఆషాఢము. క్రొత్త కోడలు అత్తవారింట నుండరాని మాసములో క్రొత్త విద్యార్థి కళాశాలలో నుండవచ్చునా యని మా మేనత్త సందేహము. విద్యకు ఆషాఢము లేదని శాస్త్రిగారు త్రోసివేసిరి. రెండవది, గురువారము హాజరు కావలెనన్న బుధవారమే బయలుదేరవలెను. రాజమహేంద్రవరము మాకు ఉత్తరము. మంగళ బుధవారములు ఉత్తర దిక్కునకు వారశూల. మూడవది, శూల లేని సోమవారమునాడే బయలుదేరి రెండు దినములు పట్టణములో పూటకూళ్ళ యింట తినుటకు నాన్నగారి లెక్క ఒప్పుకొనదు. శాస్త్రిగారు ఒక్క నిమేషము కన్నులు మూసికొని, “ప్రస్థానం పెట్టేయండి” అనిరి.

ఎఱుగని నేటి చదువరులకై చెప్పుచున్నాను. మంచి ముహూర్తమున ప్రయాణపు వస్తువు నొకదానిని, పోదలచిన దిక్కున పొరుగింట ఉంచినచో, ప్రయాణము అప్పుడే ఆరంభమైనట్లు లెక్క; ఆ మీద మనిషి తన వీలునుబట్టి కదలవచ్చును. ఉంచినదానిని మాత్రము వెనుకకు తేరాదు. ఒక్క పంచె ఉంచిన చాలునని శాస్త్రిగారి తాత్పర్యము. మేనత్త ఒప్పుకొనలేదు. “పంచె మంచి ఘడియలో వెళ్ళి పెట్టె చెడ్డ ఘడియలో వెళ్తే, తమ్ముడూ, చదువు పంచెకి వస్తుందా?” అని ఆమె అడిగినది. తర్కశాస్త్రము నాలుగు చేతులు మారినను అంతటి ప్రశ్న దానిలో ఎక్కడను లేదు. సోమవారము వర్జ్యము విడిచిన తక్షణమే, సగము సర్దిన ట్రంకు పెట్టెను పాలేరు నెత్తిన పెట్టి, మాకు ఉత్తరపు టింటివారగు మునసబుగారి అరుగుమీద దింపించిరి.

అప్పటినుండి నా సన్నాహము ఏకాంతము కోల్పోయినది. మిగిలిన సగము సర్దుట మునసబుగారి అరుగుమీద, బజారున పోవువారి సమక్షమున జరుగవలసి వచ్చెను. ప్రతివాడు నిలిచి లోనికి తొంగిచూచెను. చూచినవాడెల్ల ఒక సలహా చెప్పెను. సలహా చెప్పినవారిలో స్త్రీలు తరచుగా ఒక వస్తువునుకూడ తెచ్చిరి. కుంకుడుకాయల మూట, నలుగుపిండి, వాము, శొంఠికొమ్ములు, మరచెంబు, హరికేను లాంతరు, దాని అద్దము పగిలినచో వేరొక అద్దము, చేగోడీల డబ్బా, సున్నుండల డబ్బా, ఆ రెండిటికిని చీమలు పట్టకుండ ఏమి చేయవలెనో చెప్పుటకు మునసబుగారి తల్లి. ఆమె యొక్కతె తక్క తక్కిన వన్నియు పెట్టెలోనికి పోయినవి. నడుమ క్రొత్త ఆవకాయ జాడీ, వాసెన కట్టి, దుప్పట్ల నడుమ మహారాణివలె కూర్చుండెను.

లోనికి పోవుటయే కాని ఆ పెట్టెనుండి వెలికి వచ్చుట లేదు. నా చొక్కాలన్నియు అందుండిపోయినవి. మంగళవారము ఉదయమున ఒక చొక్కాకై పెట్టె మూతమీద చేయి వేయగా, మేనత్త వీథికి ఇవతలనుండియే కేక వేసినది: “ముట్టుకోకురా! అది ప్రయాణంలో ఉంది!” నేను ఊరిలోను, నా బట్టలు ప్రయాణములోను ఉన్న ఆ రెండు దినములును ఒక్క పంచెతో, భుజముమీద తువ్వాలుతో గడపితిని. పుస్తకములును ప్రయాణములోనే యుండుటచేత నాలుగు గంటలకు లేచి చదువుటకు వీలు లేకపోయినది. ఇందులో నా దోషమేమియు లేదు.

ఇంత చేసియు అందరి మనస్సులను పీడించుచుండినది ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము. అది పోయినచో సర్వమును పోవునని నాన్నగారు. పెట్టెలో పెట్టినచో నూనె అంటునని అమ్మ. జేబులో పెట్టుకొందునన్న చొక్కా ప్రయాణములో నున్నది. తుదకు మేనత్త దానిని తీసికొనిపోయి, పసుపు కుంకుమలద్ది, దేవుని గూటిలో సరస్వతి పటము ముందర ఉంచి, బయలుదేరునప్పుడు తానే స్వయముగా చేతికిత్తునని చెప్పినది. అంతకన్న భద్రమైన స్థలము ఈ భూమిమీద లేదని అందరము ఒప్పుకొంటిమి.

బుధవారము తెల్లవారుజామున శకునము చూచుటలో ఇల్లంతయు నిమగ్నమైయుండెను. నిండుబిందెతో ఎదురు రావలసిన పినతల్లి రెండుసార్లు ముందుగా వచ్చి, రెండుసార్లును వెనుకకు పోయి, మూడవసారి సరిగా రాగా, అందరును ఒక్కుమ్మడిగా “పద, పద” అనిరి. మునసబుగారి అరుగుమీది చొక్కాను ఎట్టకేలకు తొడిగికొని పడవ యెక్కితిని. బొబ్బర్లంకవరకు కాలువ, అక్కడ గోదావరి దాటించు లాంచీ, ధవళేశ్వరము నుండి జట్కాబండి. మరునాడు గుమాస్తాగారి బల్లయెదుట నిలువబడినప్పటికి నాయొద్ద రెండు లాంతరు అద్దములుండెను, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము లేదు.

“పుస్తకం ఎక్కడుంది నాయనా?” అని వారు శాంతముగా అడిగిరి. దేవుని గూటిలో నున్నదని చెప్పితిని. వారు ఆశ్చర్యపడలేదు. సోమవారములోగా తెప్పించుకొమ్మని మాత్రము అనిరి. కార్డు వ్రాసితిని. ఆదివారము సాయంకాలమునకు నాన్నగారే స్వయముగా దిగిరి. ఒక చేత పుస్తకము, ఒక చేత ఇంకొక ఆవకాయ జాడీ. పుస్తకముమీది కుంకుమ గుమాస్తాగారి వేళ్ళకును, ఆ వేళ్ళనుండి రిజిస్టరుకును అంటినది.

నా దినచర్యా పట్టిక ఏమైనదని మీరడుగవచ్చును. రాజమహేంద్రవరము చేరిన రాత్రి పెట్టెలో వెదకితిని, కనబడలేదు. మరునాడు భోజనమునకు మొదటి జాడీ వాసెన విప్పగా, గుడ్డక్రింద మూతిమీద మడతలు పెట్టి అమర్చబడియుండెను. దళసరి కాగితము నూనెను పైకి రానీయదని మేనత్త దానిని ఏరి పెట్టినది. ఆ విధముగా నేను దినమునకు రెండు పూటలు, తప్పక, దసరా సెలవులవరకు ఆ పట్టికను చూచితిని. ఆ మీద ఆవకాయ అయిపోయినది. తర్కశాస్త్రములో ఆకుపచ్చ గీతలు నలుబది మూడవ పుటవరకు కలవు.

ఇప్పుడు మా అబ్బాయి కళాశాలలో చేరుచున్నాడు. వాడు పట్టిక మొన్ననే వ్రాసి చూపినాడు. కూడి చూచితిని, ఇరవై ఐదున్నర గంటలు వచ్చినది. పెట్టె నిన్న ఉదయము మంచి ఘడియలో ఎదురింటి అరుగు చేరినది. తాళము వేసి పంపితిమి. చెవి ఎవరి యొద్ద నున్నదో ఇంటిల్లిపాదియు వెదకుచున్నాము.